ప్రయారిటీ 1 ఇచ్చినా ఫోన్లలో మాట తెగిపోతోంది. పరిమితి ఎక్కడ పెట్టాలి?

చిట్టిరూటర్ | సోమవారం, ఉదయం 10:12

నమస్కారం. మూడు రోజులుగా ఈ సమస్యతో కుస్తీ పడుతున్నాను. ఓడిపోయానని ఒప్పుకుని ఇక్కడికి వచ్చాను.

మాది ముప్పై మంది పనిచేసే కార్యాలయం. లైను డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్, పీపీపీఓఈ (పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) మీద వస్తుంది. రూటర్ మైక్రోటిక్ కంపెనీది, అందులో వారి ఆపరేటింగ్ సిస్టమ్ రూటర్‌ఓఎస్ 7. నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్లు ఎనిమిది ఉన్నాయి. పగలంతా బాగానే ఉంటుంది. సాయంత్రం ఆరు దాటిందంటే మాట ముక్కలైపోతుంది. మేము చెప్పేది అవతలివారికి సగమే చేరుతుంది. వారు చెప్పేది మాత్రం మాకు కొంత నయంగానే వినిపిస్తుంది.

నేను చేసింది ఇది. రూటర్‌లో వేగం పంచే నిబంధనలైన సింపుల్ క్యూలలో, ఫోన్ల సబ్‌నెట్‌కు (వాటి ఐపీ చిరునామాల గుంపుకు) ఒక క్యూ రాసి ప్రయారిటీ 1 ఇచ్చాను. ఫోన్లకు అడ్డు ఎందుకని గరిష్ఠ వేగం చెప్పే మాక్స్-లిమిట్ ఖాళీగా వదిలేశాను. మిగతా కంప్యూటర్లకు ఒక్కొక్కదానికి 3 ఎంబీపీఎస్ చొప్పున ముప్పై క్యూలు రాశాను. ఇంత చేస్తే ఫోన్లలో వీసమెత్తు తేడా లేదు. పైగా ఒక వింత: 3 పరిమితి ఉన్న కంప్యూటర్‌లో వేగ పరీక్ష చేస్తే 40 చూపించింది.

ప్రయారిటీలో 1 పైదా, 8 పైదా? నేనే తిరగేసి పెట్టానా?

ఎర్రదీపం | 10:31

ఇరవై అప్‌లోడ్‌తో ముప్పై మంది నెట్టుకు రావడం కష్టం. లైను పెంచుకోండి. ఈ క్యూల గొడవ అంతా వేగం కొనలేని రోజుల్లో పుట్టింది.

తూముకాపరి | 10:58

1 పైది, 8 కిందిది. ఆ అనుమానం వదిలేయండి.

ఎర్రదీపం గారూ, నాడి చూడకుండా మందు రాస్తున్నారు. ఎనిమిది ఫోన్లలో ఒకేసారి మాట్లాడినా ఎంత కావాలో లెక్క చూద్దాం. మాటను డిజిటల్‌గా మార్చే జీ.711 కోడెక్‌తో సాధారణంగా సెకనుకు 50 ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, వెళతాయి. ఒక్కో ప్యాకెట్లో మాట 160 బైట్లు, చిరునామా వంటి వివరాలుండే ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు కలిపి 40, ఈథర్నెట్‌కు 18, పీపీపీఓఈకి 8. మొత్తం 226 బైట్లు. అంటే ఒక సంభాషణకు ఒక దిశలో 90.4 కేబీపీఎస్, ఎనిమిదింటికి 723. ఇరవై ఎంబీపీఎస్‌లో ఇది ఓ మూలకు సరిపోతుంది. ఇంత చిన్న వాటా కూడా దక్కడం లేదంటే లోపం లైను వేగంలో ఉండే అవకాశం తక్కువ.

చిట్టిరూటర్ గారూ, మూడు సంగతులు చెప్పండి. పగలు ఖాళీగా ఉన్నప్పుడు బయటి సర్వర్‌కు పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) ఎంత, సాయంత్రం ఆరున్నరకు ఎంత? సరిగ్గా ఆరుకు మీ దగ్గర ఏమి మొదలవుతుంది? ఫైర్‌వాల్ నిబంధనల్లో ఫాస్ట్‌ట్రాక్ అనే వరుస ఉందా?

చిట్టిరూటర్ | సాయంత్రం 6:47

కొలిచాను. ఉదయం 12 మిల్లీసెకన్లు. ఇప్పుడు 870 నుంచి 930 మధ్య ఊగుతోంది. ప్యాకెట్లు పెద్దగా పోవడం లేదు, ఆలస్యంగా వస్తున్నాయి అంతే.

ఆరుకు మా సర్వర్ నుంచి బయటికి బ్యాకప్ మొదలవుతుంది. దాన్ని ఈ మధ్యే తెచ్చాం కాబట్టి నా ముప్పై క్యూల జాబితాలో అది లేదు. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

ఫాస్ట్‌ట్రాక్ ఉంది. రూటర్‌తో పాటే వచ్చింది, నేను ముట్టుకోలేదు.

తూముకాపరి | 7:25

దొంగ దొరికాడు. ఒకడు కాదు, ఇద్దరు.

మొదటివాడు ఫాస్ట్‌ట్రాక్. ఒకసారి కుదిరిన కనెక్షన్ల ప్యాకెట్లను అది దొడ్డిదారిన పంపించేస్తుంది. ఆ దారిలో ఫైర్‌వాల్ ఉండదు, సింపుల్ క్యూలు ఉండవు, గ్లోబల్ కింద కట్టిన క్యూ ట్రీ (క్యూలు రాసే ఇంకో పద్ధతి) కూడా ఉండదు. ప్రాసెసర్ భారం తగ్గించడానికే దాన్ని పెట్టారు, ఆ పని చక్కగా చేస్తుంది. కానీ మీరు రాసిన ముప్పై పరిమితులూ కాగితం మీదే మిగిలాయి. ఆ 40 వింత కాదు, మొదట్లోనే దొరికిన ఆధారం. క్యూల పక్కన కౌంటర్లు చూసి ఉంటే అవి నత్తలా కదులుతూ కనిపించేవి.

రెండోవాడు మోడెమ్‌లో కూర్చున్నాడు. పింగ్‌కు దాదాపు 0.9 సెకను అదనంగా పడుతోంది. అప్‌లోడ్ సెకనుకు 20 మెగాబిట్లు. రెండూ గుణిస్తే 18 మెగాబిట్లు, అంటే 2.25 మెగాబైట్ల సరుకు ఎక్కడో నిలబడి ఉంది. మీ రూటర్‌లో కాదు. రూటర్ నుంచి మోడెమ్‌కు వెళ్లే తీగ గిగాబిట్‌ది కాబట్టి రూటర్‌కు వచ్చిన ప్యాకెట్ వచ్చినట్టే అవతలికి దాటిపోతుంది. ఇరుకు మొదలయ్యేది మోడెమ్ దగ్గర. బ్యాకప్ ప్యాకెట్లు అక్కడ బారులు తీరితే, వాటి వెనకే మీ మాట కూడా నిలబడుతోంది. మోడెమ్‌కు మీ ప్రయారిటీ 1 గురించి ఏమీ తెలియదు.

ప్రయారిటీ అంటే వేచి ఉన్నవాటిలో ఎవరిని ముందు వదలాలన్న నిర్ణయం. మీ రూటర్‌లో వేచి ఉన్నవారే లేరు. ఎవరూ నిలబడని వరుసలో మొదటి స్థానం ఇచ్చి ఏమి లాభం? నీటి పంపకం తూము దగ్గర జరుగుతుంది కానీ నిండుగా పారే కాలువ మధ్యలో జరగదు. ముందు తూమును మీ రూటర్‌లోకి తెచ్చుకోవాలి. రూటర్ బయటికి వదిలే వేగం మోడెమ్ మోయగలిగినదానికన్నా కాస్త తక్కువ ఉండాలి. అప్పుడు బారు రూటర్‌లో కడుతుంది, అక్కడ మీ మాట చెల్లుతుంది.

చిట్టిరూటర్ | 7:41

అర్థమైంది. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. డబ్బు కట్టి తెచ్చుకున్న వేగాన్ని నా చేతులతో నేనే కోసుకోవాలా?

వైరుముడి | 8:20

పదో వంతు కోస్తే మిగతా తొమ్మిది వంతులు మీ అదుపులోకి వస్తాయి. కోయకపోతే పది వంతులూ మోడెమ్ ఇష్టం. అప్‌లోడ్‌కు 18, డౌన్‌లోడ్‌కు 90తో మొదలుపెట్టండి. తర్వాత పింగ్ చూస్తూ కొంచెం కొంచెం పెంచండి. పింగ్ మళ్లీ పైకి లేచిన చోట ఆగి ఒక అడుగు వెనక్కి వేయండి. ఒప్పందంలో రాసిన వేగాన్ని నమ్మకండి, మీరు కొలిచిన వేగం నుంచే లెక్క కట్టండి. హెడర్ల బరువు కూడా ఆ వేగంలోంచే పోతుంది.

మైక్రోటిక్‌లో చాలామంది జారిపడే చోటు ఇంకొకటి ఉంది. ప్రయారిటీ 1 అని రాయగానే ఆ ప్యాకెట్ అందరినీ తోసుకుని ముందుకు పోతుందని అనుకుంటాం. అది పనిచేసే తీరు వేరు. ముందుగా ప్రతి క్యూకూ దాని లిమిట్-ఎట్ అందుతుంది, అది హామీ వాటా. హామీలన్నీ తీరాక మిగిలిన వేగాన్ని పంచేటప్పుడే ప్రయారిటీ చూస్తారు. 1 ఉన్న క్యూ తన మాక్స్-లిమిట్ వరకు తీసుకున్నాక 2కు వస్తుంది, అలా కిందికి. కాబట్టి పైన ఒక తల్లి క్యూ, దానికి మాక్స్-లిమిట్, పిల్ల క్యూలకు లిమిట్-ఎట్, మాక్స్-లిమిట్ రెండూ ఉండాలి. మీరు మాక్స్-లిమిట్ ఖాళీగా వదిలి ప్రయారిటీ ఒక్కటే పెట్టారు. అది ప్రహరీ లేని స్థలానికి గేటు పెట్టడం. ప్రయారిటీ పిల్ల క్యూలకే వర్తిస్తుంది, తల్లికి ఏ అంకె రాసినా ఒకటే.

మీకు నేనైతే ఇలా రాస్తాను. ముప్పై క్యూలూ తీసేయండి. లోపలి నెట్‌వర్క్ మొత్తానికి ఒక తల్లి: అప్‌లోడ్ 18, డౌన్‌లోడ్ 90. దాని కింద ముగ్గురు పిల్లలు. ఫోన్లకు అటూ ఇటూ 1 హామీ, ప్రయారిటీ 1. సర్వర్‌కు అప్‌లోడ్‌లో 2, డౌన్‌లోడ్‌లో 5 హామీ, ప్రయారిటీ 8. మిగతా అందరికీ కలిపి 10, 60 హామీ, ప్రయారిటీ 5. ముగ్గురి మాక్స్-లిమిట్ తల్లిదే, అంటే ఎవరూ లేనప్పుడు బ్యాకప్ కూడా పూర్తి వేగంతో పరుగెత్తవచ్చు. హామీల మొత్తం తల్లి పరిమితి దాటకూడదు. అది దాటితే హామీ అన్న మాటకు అర్థం ఉండదు.

సింపుల్ క్యూలను రూటర్ పైనుంచి కిందికి చదువుతుంది, ముందు సరిపోయిన దానిలోనే పడేస్తుంది. 'మిగతా అందరూ' క్యూ పైన ఉంటే ఫోన్లు కూడా అందులోకే పోతాయి. దాన్ని అన్నిటికన్నా కింద ఉంచండి.

ఫాస్ట్‌ట్రాక్ నిబంధన ఆపాక పాత కనెక్షన్లు అదే దారిలో కొనసాగుతుంటాయి. కనెక్షన్ల పట్టిక ఖాళీ చేయండి, లేదా రూటర్‌ను ఒకసారి పునఃప్రారంభించండి.

పెంగ్విన్‌పాఠాలు | 9:05

ఇంత జమీందారీ లెక్క అవసరమా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇలాంటి చోట పదింట తొమ్మిదిసార్లు ప్రయారిటీ అక్కర్లేదు. కావలసింది వరుస పొడవు మీద అదుపు.

మోడెమ్‌లో ఇలా సరుకు పేరుకుపోవడానికి పేరుంది, బఫర్‌బ్లోట్. జిమ్ గెటిస్ 2010 చివర్లో తన ఇంటి లైను మీద ఇదే చూసి ఈ మాటను అందరి నోటా నానేలా చేశారు. మెమరీ చవకయ్యేకొద్దీ తయారీదారులు బఫర్లు పెంచుకుంటూ పోయారు. ప్యాకెట్ పోకూడదు, అదొక్కటే లక్ష్యం. కానీ పంపే వేగాన్ని సర్దుకునే టీసీపీ పద్ధతికి దారి నిండిందని తెలిసేదే ప్యాకెట్ పోయినప్పుడు. ఆ కబురు అందక అది తోస్తూనే ఉంటుంది.

2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే పద్ధతి ప్రచురించారు. వరుసలో ఎన్ని ప్యాకెట్లు ఉన్నాయని అది లెక్కపెట్టదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్ల కిందికి ఒక్కసారి కూడా దిగకపోతే ప్యాకెట్లను పారేయడం మొదలుపెడుతుంది. దానికి ఎరిక్ డుమాజె ప్రవాహాల వారీ (ఒక్కో కనెక్షన్‌కు విడిగా) వరుసలు జతచేసి ఎఫ్‌క్యూ-కోడెల్ చేశారు. అదే ఏడాది లినక్స్ 3.5లో వచ్చింది. 2018లో లినక్స్ 4.19లోకి కేక్ అనే ఇంకో వరుస పద్ధతి వచ్చింది. రూటర్‌ఓఎస్ 7లో రెండూ ఉన్నాయి.

ఎఫ్‌క్యూ-కోడెల్‌లో ప్రతి ప్రవాహానికి విడి వరుస. సన్నగా పారే ప్రవాహం వరుస కట్టే లోపే ఖాళీ అవుతుంది కాబట్టి దాన్ని ముందే పంపిస్తారు. ఫోను సంభాషణ అంటే సెకనుకు 50 చిన్న ప్యాకెట్లు, అంతకన్నా సన్న ప్రవాహం ఏముంది? ఎవరూ గుర్తు వేయకుండానే అది ముందుకొస్తుంది. 20 ఎంబీపీఎస్ మీద 1500 బైట్ల ప్యాకెట్ వెళ్లడానికి 0.6 మిల్లీసెకను. ముందు అలాంటివి రెండు మూడు నిలబడ్డా చెవికి తెలియదు. ఒక్క ఎంబీపీఎస్ లైనుల కాలంలో అదే ప్యాకెట్‌కు 12 మిల్లీసెకన్లు పట్టేది, అప్పుడు ప్రయారిటీకి ప్రాణం ఉండేది.

వైరుముడి | 9:22

మీరు చెప్పిన సన్న ప్రవాహం లెక్క ఫోను వరకు ఒప్పుకుంటాను. వీడియో సమావేశం మాటేమిటి? అది సన్నం కాదు. ఒక కంప్యూటర్ నలభై కనెక్షన్లు తెరిచి కూర్చుంటే ప్రవాహాల వారీ న్యాయంలో నలభై వాటాలు దానికే పోతాయి, సమావేశానికి ఒక్క వాటా. అది న్యాయమా?

పెంగ్విన్‌పాఠాలు | 9:40

కాదు. అందుకే కేక్ వచ్చింది. అది ముందు మనుషుల మధ్య, అంటే ఐపీల మధ్య పంచి, ఆ తర్వాత ఆ ఐపీ ప్రవాహాల మధ్య పంచుతుంది. రూటర్ నాట్ చేస్తుంటే, అంటే అందరినీ ఒకే బయటి ఐపీ మీద పంపుతుంటే మాత్రం కేక్‌కు నాట్ ఐచ్ఛికం పెట్టాలి. లేకపోతే బయటి ముఖం మీద అందరూ ఒకే ఐపీగా కనిపిస్తారు, పంపకం మళ్లీ మొదటికొస్తుంది.

మీ తల్లి, పిల్ల క్యూల చెట్టు తప్పని నేను అనడం లేదు. ఆ పిల్ల క్యూల రకం మాత్రం మార్చమంటాను. సింపుల్ క్యూకు తనంతట వచ్చే రకం పది ప్యాకెట్లు పట్టే సాదా వరుస. దాన్ని ఎఫ్‌క్యూ-కోడెల్ చేయండి.

వైరుముడి | 9:44

దానికి అభ్యంతరం లేదు. చెట్టు నాది, ఆకులు మీవి.

నిశిరాత్రి | 11:50

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది సిస్కో కంపెనీ రూటర్, కానీ జబ్బు ఇదే అనిపిస్తోంది. బయటి ఇంటర్‌ఫేస్ మీద బ్యాండ్‌విడ్త్ 20000 (కిలోబిట్లలో) అని ఆదేశం ఇచ్చాను. వేగం ఏమాత్రం తగ్గలేదు. ట్రాఫిక్ తరగతుల నిబంధనలు రాసే పాలసీ-మ్యాప్‌లో వాయిస్‌కు ప్రయారిటీ కూడా ఇచ్చాను. లెక్కల్లో ఒక్క ప్యాకెట్ కూడా వేచి ఉన్నట్టు కనిపించడం లేదు.

తూముకాపరి | మంగళవారం, ఉదయం 7:15

ఆ ఆదేశం పేరు ఎంతోమందిని ముంచింది. ఇంటర్‌ఫేస్ మీద రాసిన బ్యాండ్‌విడ్త్ వేగాన్ని ఆపదు. 'ఈ దారి ఇంత వెడల్పు' అని రూటర్‌కు చెప్పే సమాచారం మాత్రమే. ఓఎస్‌పీఎఫ్, ఈఐజీఆర్‌పీ లాంటి దారి ఎంచుకునే పద్ధతులు దాన్ని చూసి దారి ఖరీదు లెక్క కడతాయి. క్యూల లెక్కకూ అది ఆధారమే. ఇక పాలసీ-మ్యాప్ లోపల అదే మాట రాస్తే అర్థం మారిపోతుంది: రద్దీ వేళ ఈ తరగతికి కనీసం ఇంత ఇవ్వు అని. ఒక్క మాటకు ఇన్ని అర్థాలు పెట్టినవారికి దండం పెట్టాలి.

మీ ప్యాకెట్లు వేచి ఉండకపోవడానికి కారణం చిట్టిరూటర్ గారి విషయంలో చెప్పినదే. ఇంటర్‌ఫేస్ గిగాబిట్, లైను 20. ఇంటర్‌ఫేస్ ఎప్పుడూ నిండదు కాబట్టి మీ పాలసీకి పని పడదు. పైన ఒక పాలసీ రాసి అందులో 18 మెగాబిట్లకు షేప్ పెట్టండి. మీ ఇప్పటి పాలసీని దాని లోపల పిల్లగా తగిలించండి. షేప్ కట్టిన ఆ ఇరుకులో ప్రయారిటీ మేల్కొంటుంది. రద్దీ వేళ ఆ ప్రయారిటీ తరగతికి ఇచ్చిన అంకె పైకప్పు కూడా అవుతుంది. అంతకు మించి వస్తే పారేస్తారు. కాబట్టి ఫోన్ల లెక్క సరిగ్గా కట్టి ఇవ్వండి.

షేప్ బదులు పోలీస్ పెట్టకండి. షేప్ మిగులును ఆపి మెల్లగా వదులుతుంది. పోలీస్ ఆపదు, పారేస్తుంది. పోలీస్‌కు ఇచ్చే బర్స్ట్ (ఒక్కసారిగా అనుమతించే మోతాదు) అంకె చిన్నదైతే టీసీపీ మాటిమాటికీ దెబ్బ తిని, మీరిచ్చిన పరిమితిలో సగం కూడా అందుకోలేక పడి లేస్తుంటుంది. 'పరిమితి 10 పెడితే 4 వస్తోంది' అనే ఫిర్యాదుల వెనక తరచూ ఇదే ఉంటుంది.

పెంగ్విన్‌పాఠాలు | 8:02

పేర్ల గోతుల గురించి అంటున్నారు కాబట్టి నాదీ ఒకటి. లినక్స్‌లో ట్రాఫిక్ అదుపుకు వాడే టీసీ ఆదేశంలో కేబీపీఎస్ అని రాస్తే అది కిలోబిట్లు కాదు, సెకనుకు కిలోబైట్లు. కిలోబిట్లు కావాలంటే కేబిట్ అని రాయాలి. నేను 500 కిలోబిట్లకు కట్టేశాననుకున్న యంత్రం నెల రోజులు ఎనిమిది రెట్ల వేగంతో హాయిగా తిరిగింది. పట్టుకున్నది నేను కాదు, నా లెక్కల పుస్తకం చూసిన సహోద్యోగి.

ఇంకొకటి. లినక్స్‌లో వేగాన్ని తరగతుల వారీగా పంచే హెచ్‌టీబీలో డిఫాల్ట్ తరగతి చెప్పకపోతే, ఏ తరగతిలోనూ పడని ప్యాకెట్లు ఏ పరిమితీ లేకుండా దూసుకుపోతాయి. నిన్నటి సర్వర్ కథే, వేరే వేషంలో.

చిట్టిరూటర్ | రాత్రి 8:30

వైరుముడి గారు చెప్పినట్టే రాశాను. ఫాస్ట్‌ట్రాక్ ఆపి రూటర్ పునఃప్రారంభించాను. ఇప్పుడు డౌన్‌లోడ్ అందరికీ కలిపి 18 దాటడం లేదు, బ్యాకప్ మాత్రం మునుపటిలాగే ఎగురుతోంది, పింగ్ 900. ఏమి చేశానో తెలియడం లేదు. తల్లి క్యూ మాక్స్-లిమిట్: 90ఎం/18ఎం.

ఎర్రదీపం | 8:34

తిరగేశారు. సింపుల్ క్యూలో గీతకు ముందున్నది టార్గెట్ (క్యూ ఎవరికి రాశామో వారు) నుంచి బయటికి వెళ్లేది, అంటే అప్‌లోడ్. 18ఎం/90ఎం అని రాయండి. పిల్లలకూ అంతే.

క్యూల మీద నాకు నమ్మకం లేదన్నాను కానీ రాయడం రాదనలేదు.

చిట్టిరూటర్ | 8:52

ఎర్రదీపం గారూ, మీకు రుణపడి ఉన్నాను. మార్చిన క్షణం నుంచి బ్యాకప్ 16 దగ్గర సాగుతుండగా పింగ్ 14 నుంచి 19. నమ్మలేక రెండుసార్లు కేబుల్ చూసుకున్నాను. రెండు ఫోన్ల మధ్య పది నిమిషాలు మాట్లాడించాను, ఒక్క అక్షరం పోలేదు. ప్రాసెసర్ వాడకం మాత్రం 12 శాతం నుంచి 40కి పెరిగింది.

తూముకాపరి | 9:10

ఫాస్ట్‌ట్రాక్ ఆపినందుకు కట్టే సుంకం అది. 40 దగ్గర ఉంటే భయం లేదు. రేపు లైను 500కో గిగాబిట్‌కో పెంచితే మాత్రం ఈ రూటర్ షేపింగ్ చేస్తూ అంత వేగం మోయగలదో లేదో ముందు చూసుకోండి. పెట్టె మీద రాసే అంకెలు తరచుగా ఫాస్ట్‌ట్రాక్ ఉన్నప్పటివే ఉంటాయి.

చిట్టిరూటర్ | 9:18

ఒక సందేహం. అప్‌లోడ్ సంగతి బోధపడింది, వదిలేది నేనే కాబట్టి. డౌన్‌లోడ్‌లో ప్యాకెట్ నా దగ్గరికి వచ్చేసింది, అంటే ఇరుకు దాటేసింది. ఇంటికొచ్చినదాన్ని గుమ్మంలో ఆపితే ఏమొస్తుంది?

పెంగ్విన్‌పాఠాలు | 9:55

సరైన ప్రశ్న. నిజానికి మీరు డౌన్‌లోడ్‌ను నేరుగా అదుపు చేయలేరు. పంపేవాడికి సైగ చేయగలరు, అంతే. 90 దగ్గర మీరు ఆపి, ఆలస్యం చేసి, ఒకటీ అరా పారేస్తే అవతలి టీసీపీ దాన్ని గమనించి నెమ్మదిస్తుంది. అలా రాక 90 దగ్గర కుదురుకుంటే లైను అవతలి చివర సేవాసంస్థ వారి బఫర్ ఖాళీగా ఉంటుంది. ఇక్కడ పారేసిన ప్యాకెట్ వృథాయే, అప్పటికే లైను మీద ప్రయాణం చేసింది. ఆ వృథా చూసి చాలామంది దీన్ని తప్పంటారు. ఒక ప్యాకెట్ పోయి నూరు ప్యాకెట్లు సమయానికి వస్తే అది నష్టం కాదు.

సైగకు సమయం పడుతుంది కాబట్టి ఒకేసారి ఇరవై కొత్త డౌన్‌లోడ్లు మొదలైతే కొన్ని క్షణాలు పింగ్ లేస్తుంది. అందుకే డౌన్‌లోడ్‌లో కోత ఎక్కువ ఉంచుకోవడం మంచిది. మీకు 90 బిగుతుగా అనిపిస్తే 85కి దించండి.

పనిలో పనిగా, బ్యాకప్ ఆరింటికే ఎందుకు? రాత్రి రెండుకు మార్చుకుంటే సగం తలనొప్పి ఏ క్యూ లేకుండానే పోయేది.

చిట్టిరూటర్ | 10:03

అందరూ వెళ్లాక ఆరుకు మొదలైతే మంచిదని ఎవరో నిర్ణయించారు. ఆరు దాటినా ఎవరూ వెళ్లడం లేదన్నది వేరే సంగతి.

ఎర్రదీపం | బుధవారం, ఉదయం 9:20

ఇంకో చిట్కా ఉంది కదా, విండోస్ 20 శాతం బ్యాండ్‌విడ్త్ తన కోసం దాచుకుంటుంది. గ్రూప్ పాలసీలో దాన్ని సున్నా చేస్తే ముప్పై కంప్యూటర్లలో ఎంత వేగం మిగులుతుందో!

వైరుముడి | 9:41

ఎంతో కాదు, ఏమీ మిగలదు. ఆ సెట్టింగు క్యూఓఎస్ (ట్రాఫిక్‌లో ప్రాధాన్యం) అడిగి మరీ వాడుకునే ప్రోగ్రాములు గరిష్ఠంగా ఎంత కేటాయింపు పొందవచ్చో చెబుతుంది. అలా అడిగేవి లేనప్పుడు, అడిగినా వాడుకోనప్పుడు మొత్తం వేగం అందరికీ అందుబాటులోనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఈ మాట విండోస్ ఎక్స్‌పీ రోజుల్లోనే చెప్పింది. చిట్కా మాత్రం చావడం లేదు.

ఎర్రదీపం | 9:43

ఇన్నేళ్లుగా ప్రతి కొత్త కంప్యూటర్‌లోనూ అది మారుస్తున్నాను. సరే, ఒక పని తగ్గింది.

చిట్టిరూటర్ | గురువారం, సాయంత్రం 6:30

ఏడు ఫోన్లు ఆరోగ్యంగా ఉన్నాయి. ఎనిమిదోది, సమావేశ గదిలోది, ఇంకా అప్పుడప్పుడు నత్తిగా మాట్లాడుతోంది. అదొక్కటే వైఫై మీద ఉంది. రూటర్‌లో ఫోన్ల ప్యాకెట్లకు వాటి ప్రాధాన్యం చెప్పే గుర్తు, డీఎస్‌సీపీ, 46 ఉందని చూశాను, అంటే గుర్తు సరిగ్గానే ఉంది. గదిలో పదిమంది ల్యాప్‌టాప్‌లు తెరిస్తేనే సమస్య.

తూముకాపరి | 7:05

ఇప్పుడు తూము మళ్లీ వేరే చోటికి వెళ్లింది. ఆ గదిలో ఇరుకు గాలిలో ఉంది. మీ రూటర్ క్యూలకు అక్కడ అధికారం లేదు, అక్కడ వరుస కట్టేది వైఫై ఇచ్చే పెట్టె, యాక్సెస్ పాయింట్.

వైఫైలో డబ్ల్యూఎంఎం అనే ఏర్పాటు ఉంది: వాయిస్, వీడియో, సాధారణం, నేపథ్యం అని నాలుగు తరగతులు. పై తరగతి ప్యాకెట్ గాలిలోకి దూకే ముందు తక్కువసేపు ఆగుతుంది. ఒక తిరకాసు ఉంది. చాలా పరికరాలు డీఎస్‌సీపీలోని ఆరు బిట్లలో పై మూడే తీసుకుని తరగతి నిర్ణయిస్తాయి. 46లో పై మూడు బిట్ల విలువ 5. డబ్ల్యూఎంఎం లెక్కలో 5 అంటే వీడియో. వాయిస్ 6, 7లది. కాబట్టి ఫోనుకు వేసిన ఉత్తమమైన గుర్తే దాన్ని వీడియో బల్ల మీద కూర్చోబెడుతుంది. 2018లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8325 ఈ పొరపాటును ప్రస్తావించి 46ను 6కు కట్టమని చెప్పింది. మీ యాక్సెస్ పాయింట్‌లో డీఎస్‌సీపీ నుంచి డబ్ల్యూఎంఎంకు పట్టిక మార్చే వీలుందేమో చూడండి. ఫోను నుంచి పైకి వెళ్లే దిశకు ఫోనే తరగతి ఎంచుకుంటుంది, దాని సెట్టింగుల్లోనూ వెతకండి.

ఇంకా తేలికైన దారి ఒకటుంది. ఆ గదికి తీగ లాగండి.

చిట్టిరూటర్ | శనివారం, ఉదయం 11:40

తీగ లాగాం. ఎనిమిదో ఫోను కూడా మాట్లాడుతోంది. అప్‌లోడ్‌ను అర మెగాబిట్ చొప్పున పెంచుతూ 19 వరకు వచ్చాను. 19.5 దగ్గర పింగ్ 60కి లేచింది, వెనక్కి వచ్చేశాను. బ్యాకప్ ఇంకా ఆరింటికే నడుస్తోంది, ఎవరికీ తెలియడం లేదు.

నిశిరాత్రి | మధ్యాహ్నం 12:05

నాది కూడా కుదిరింది, షేప్ 18 మెగాబిట్లకు పెట్టాను. ఇప్పుడు వేచి ఉన్న ప్యాకెట్ల అంకె కదులుతోంది. వరుస చూసి ఇంత సంతోషపడతానని అనుకోలేదు.